ప్రాతఃకాలాచరణము – గృహసౌఖ్యము

ఉదయము ప్రతి యింటికిని వచ్చును. కాని ప్రతి యింటను ఒకే విధముగా గడువదు. ఒక యింట అది తొందరతో, వెదకులాటతో, కసురుకొనుటతో మొదలగును. పొరుగింట అంతే పని, అంతే కూలి, అంతే కొరత యున్నను, లేచినవారి ముఖములు ప్రసన్నముగా నుండును. ఈ భేదమునకు సంపద కారణము కాదని పల్లెలలో నివసించువారెల్లరు నెరుగుదురు. దినములోని మొదటి రెండు గంటలను ఇంటివారు ఏ క్రమమున గడుపుచున్నారు, ఆ వేళయందలి భారమును ఎవరెవరు పంచుకొనుచున్నారు అను రెండు విషయములపై ఆ ప్రసన్నత ఆధారపడియున్నది. శరణధర్మము గృహస్థులకు నేర్పిన ప్రాతఃకాల క్రమమును, దానిని నేటి జీవనమునకు అన్వయించుకొను విధమును తెలిసికొనుట ఈ పాఠమునకు ప్రయోజనము.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, కర్ణాటక సరిహద్దున, గట్టు మండలము గలదు. 2016వ సంవత్సరమున ఏర్పడిన జోగుళాంబ గద్వాల జిల్లాలోనిది ఈ ప్రాంతము. బసవేశ్వరుడు విద్యాభ్యాసము చేసినదియు, లింగైక్యము నొందినదియు నగు కూడలసంగమము కృష్ణా మలప్రభల కలయిక యొద్ద నున్నది. ఆ కృష్ణయే దిగువకు ప్రవహించి నడిగడ్డకు ఉత్తరపు టెల్లయగుచున్నది. ఈ సరిహద్దు పల్లెలలో తెలుగుతోపాటు కన్నడమును వినవచ్చును. కావున 12వ శతాబ్దమున కల్యాణనగరమున వెలసిన బోధ ఇచ్చటివారికి దూరదేశపు మాట కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించి ఆ శరణుల చరిత్రమును తెలుగువారి ఇండ్లలోనికి దెచ్చెను.

కరపీఠము నేర్పు పాఠము

వీరశైవుని ప్రాతఃకాలమునకు కేంద్రము ఇష్టలింగార్చనము. మేల్కాంచి, కాలకృత్యములు ముగించి, స్నానము చేసి, విభూతి రుద్రాక్షలను ధరించి, ఎడమ అరచేతిని పీఠముగా జేసి, దానిపై లింగము నుంచి, నీటితో అభిషేకించి, పత్రపుష్పముల నర్పించి, దృష్టిని లింగమునందు నిలిపి మంత్రము జపించి, పాదోదక ప్రసాదములను స్వీకరించుట దీని స్థూలక్రమము. గురుపరంపరను బట్టి వివరములలో కొంత భేదముండవచ్చును. ఈ క్రమమును పరిశీలించినచో మంచి యలవాటునకు కావలసిన మూడు గుణములు ఇందు గోచరించును.

మొదటిది, ఇది స్వహస్తముతో చేయవలసినది. ఒకరి లింగమును మరియొకరు పూజించి ఫలము పంచియిచ్చు పద్ధతి శరణులకు సమ్మతము కాదు. ఇంటి యజమానుడు, ఇల్లాలు, వృద్ధురాలు, దీక్షపొందిన బాలుడు అందరును ఎవరికి వారే అర్చకులు. రెండవది, దీనికి విశేషమగు స్థలముగాని, ధనముగాని అవసరము లేదు. అరచేయియే గుడి, చెంబెడు నీరు, చిటికెడు విభూతి, ఒక పత్రి చాలును. ఒక గది యింటనున్నవారును, కూలికై వలసపోయినవారును దీనిని విడువనక్కరలేదు. మూడవది, ఇందు ఒక పని వెంట ఒక పని క్రమముగా వచ్చును. స్నానము విభూతిని, విభూతి లింగమును, లింగము జపమును జ్ఞప్తికి దెచ్చును. మనస్సు మొరాయించిన దినమున గూడ చేతులు ఆ క్రమమును ఎరిగియుండుటచే ఆచరణము సాగిపోవును.

మొదటి గుణమును మరల తలపోయవలసియున్నది. పూజ ఎవరిది వారే చేయవలెనన్నచో, పూజకు వలసిన తీరికయు ప్రతి యొక్కరికిని ఉండవలెను. ఒకరు నిశ్చింతగా జపము చేయుచుండగా, మరియొకరు నీరు తోడి, పొయ్యి ముట్టించి, పిల్లలను లేపి, పత్రి కోసి తెచ్చి, తాము మాత్రము లింగమును తాకుటకు మధ్యాహ్నమగు ఇల్లు ఆచారము కల ఇల్లేయైనను, ఆచారము నిండిన ఇల్లు కాదు.

ఇల్లాలి ఉదయము

జనన, మరణ, రజః, ఉచ్ఛిష్ట, జాతి సూతకములను ఐదింటిని లింగధారులకు వర్తింపనివిగా శరణులు నిరాకరించిరి. దీని వలన స్త్రీకి కలిగిన మేలు గొప్పది. నెలలో ఏ దినమునను ఆమె లింగపూజ ఆగనవసరము లేదు. ప్రసూతియైన యింటను ఆగనక్కరలేదు. అక్కమహాదేవి మొదలు అయిదక్కి లక్కమ్మ వరకు శరణ స్త్రీలు పురుషులతో సమముగా అనుభావమును పలికిరి.

శాస్త్రము తొలగించిన అడ్డంకిని ఇంటిపని మరల తెచ్చిపెట్టుచున్నది. పల్లెటూరి ఇల్లాలు కోడికూతకు ముందే లేచి, వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, నీళ్లు నింపి, జొన్నరొట్టెలు కాల్చి, కూర వండి, పిల్లల సంచులు సర్ది, పిమ్మట తానును చేనికో, మగ్గము పనికో పోవుచున్నది. రాత్రి అందరికంటె ఆలస్యముగా పరుండునది ఆమెయే. అట్టి యింట ప్రాతఃకాలము సుఖమయముగా నున్నదని చెప్పుట, ఒకరి నిద్రను ఖర్చుపెట్టి తక్కినవారు సుఖించుటయే యగును.

వాకిలి ఊడ్చుట తక్కువ పని యనువారు సత్యక్కను స్మరింపవలెను. ఊడ్చుటనే కాయకముగా గొని ఆమె శరణుల నడుమ గౌరవము నందినది. ఆ పని స్త్రీకి మాత్రమే తగినదని శరణధర్మము చెప్పలేదు. యజమానుడు నీళ్లు తెచ్చుట, యెదిగిన కుమారుడు వాకిలి ఊడ్చుట, కుమార్తెయు కుమారుడును తమ పక్కలను తామే మడుచుకొనుట, అత్తగారు పత్రి పుష్పములను సిద్ధము చేయుట మొదలిడినచో, ఇల్లాలికి అరగంట దొరకును. ఆ యరగంటలో ఆమె లింగము ఆమె అరచేతిలో నిలుచును. ఈ మార్పునకు రూకయైన ఖర్చులేదు.

ఉదయమునకు మూలము గతరాత్రి

బ్రాహ్మీముహూర్తమున లేవవలెనని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలోని సగమునే నేటివారు గ్రహించుచున్నారు. దీపము పెట్టిన కొలది సేపటికే భుజించి పరుండిన కాలమున ఆ వేళకు మెలకువ సహజముగా వచ్చెడిది. రాత్రి పదకొండు గంటల వరకు టెలివిజను, అటుపై పక్కలో సెల్‌ఫోను చూచి, నాలుగు గంటలకు లేచినవాని జపము కునికిపాట్లతో గడచును; ఆ దినమున అతని కోపము ఇంటివారిపై బడును.

శరీరములో కాలమును గుర్తించు యంత్రాంగము ప్రతి జీవకణమునందును గలదని ఆధునిక శాస్త్రము తెలిపినది. ఈగల వంటి చిన్న జీవులపై పరిశోధన చేసి దాని పనితీరును వెల్లడించిన జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఉదయపు వెలుతురు ఈ గడియారమును సరిచేయును. రాత్రివేళ కంటికి తగులు ప్రకాశమైన వెలుతురు దానిని వెనుకకు నెట్టును. పెద్దలకు దినమునకు కనీసము 7 గంటలు, 13 మొదలు 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటలు, 6 మొదలు 12 ఏండ్ల పిల్లలకు 9 నుండి 12 గంటలు నిద్ర కావలెనని వైద్యుల సూచన. కావున అయిదు గంటలకు లేవదలచిన గృహస్థుడు రాత్రి పది గంటలకు ముందే పరుండుట లెక్క. పిల్లవానిని అయిదింటికి లేపదలచినచో వానికి ఎనిమిది గంటలకే పక్క వేయవలెను. ఈ లెక్క కుదురని యింట, లేచు వేళను వెనుకకు జరుపుటయే ధర్మము. నిద్ర చాలని శరీరముతో చేయు తపస్సును శరణులు కోరలేదు. దేహమును దేవాలయముగా భావించిన సంప్రదాయమిది.

లేచిన పిదప కొంతసేపు వాకిట వెలుతురున నిలుచుట, పెరటిలోనికిగాని చేనిగట్టునకుగాని నడచుట, నీరు త్రాగుట మేలు. సెల్‌ఫోనును లింగపూజ ముగియువరకు ముట్టకుండుట నేటి కాలమునకు చేర్చుకొనదగిన నియమము. మధుమేహమునకు మందులు వాడు పెద్దలు పూజ పేరిట ఆహారమును మిక్కిలి ఆలస్యము చేయరాదు. వైద్యుడు చెప్పిన వేళకే భుజింపవలెను. అట్టివారు అర్చనను సంక్షిప్తము చేసికొనుటలో దోషము లేదు.

అలవాటు పడుగువంటిది

గద్వాల, ఐజ, రాజోలి, గట్టు ప్రాంతములు మగ్గమునకు ప్రసిద్ధములు. నూలు ఒడలికి పట్టు అంచును, పట్టు కొంగును కూర్చు గద్వాల చీర ఇచ్చటి నేర్పు. చీర నేయువాడు పడుగు ముగియవచ్చినపుడు అచ్చులోని పాత పోగులను లాగివేయడు. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత పోగు కొనకు అతుకును. పాతది మార్గము చూపగా కొత్తది అచ్చులోనికి వచ్చును.

కొత్త యలవాటును నెలకొల్పు విధమును ఇదియే. వేకువను లేచి గంటసేపు ధ్యానము, గంటసేపు వ్యాయామము చేసెదనని ఒక్కమారుగా సంకల్పించినవాడు పదునైదు దినములు గడువకమునుపే విడుచును. ఇదివరకే తప్పక జరుగుచున్న పనికి చిన్న పనిని అతుకవలెను. ముఖము కడుగుట నిత్యము జరుగును; దాని వెంటనే విభూతిధారణము. పొయ్యిపై నీరు కాగువరకు పదునొకండు మారులు పంచాక్షరి. చెప్పులు తొడుగుకొనక మునుపు తల్లిదండ్రులకు శరణు. ఇట్టివి చిన్నవి గనుక నిలుచును. నిలిచిన పిదప తామే పెరుగును.

లండను నగరమందలి యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీయు ఆమె సహచరులును 96 మందితో చేసి, 2010లో ప్రకటించిన పరిశీలన ఈ విషయమున గమనింపదగినది. ఒక కొత్త పని ప్రయత్నము లేకయే జరుగు స్థితికి వచ్చుటకు సగటున 66 దినములు పట్టినది. మనుష్యుని బట్టి, పనిని బట్టి అది 18 దినముల నుండి 254 దినముల వరకు మారినది. నడుమ ఒక దినము తప్పినంత మాత్రమున అలవాటు చెడలేదని గూడ వారు కనుగొనిరి. నేతగాడు ఒక పోగు తెగినదని పడుగును పారవేయడు. ముడివేసి నాడె విసరును. ఒక ఉదయము తప్పినవాడు పశ్చాత్తాపముతో మరియొక ఉదయమును పోగొట్టుకొనరాదు.

పూజ వెంట కాయకము

ప్రాతఃకాలాచరణము పూజతో ముగియదు, పనిలోనికి ప్రవహించును. నులియ చందయ్య గడ్డికోసి త్రాళ్లు పేని, వచ్చినదానితో జంగమదాసోహము చేసినవాడు. గడ్డి కోయుచుండగా ఆతని లింగము నీట జారిపడినను ఆతడు పని నాపలేదని కథ. పూజను చులకన చేయుటకు ఈ కథ పుట్టలేదు. నిజాయితీతో చేయు పనియందును లింగమే యున్నదని ఎరిగినవానికి పూజకును పనికిని నడుమ గోడ లేదని దీని తాత్పర్యము.

అయిదక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు గట్టునకు పొరుగుననున్న రాయచూరు జిల్లాలోని, లింగసూగూరు ప్రాంతపు అమరేశ్వరము వారు. కల్యాణమున శరణుల ముంగిట రాలిన బియ్యము నేరుట మారయ్య కాయకము. ఒకనాడాతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా దెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఆనాటి అవసరమునకు మించినది తమది కాదని చెప్పి, మిగిలినదానిని తెచ్చినచోటనే విడిచి రమ్మని భర్తను పంపెను. సౌఖ్యమును గూర్చి ఇంతకంటె సూక్ష్మమగు పాఠము కనరాదు. ఉదయమున ఇల్లు వెడలువాడు ఎంత ఆర్జింపవలెనో ఎరిగియుండుట మనశ్శాంతికి మొదటి మెట్టు. పొరుగువాని ఇంటితో పోల్చుకొనుచు వెడలినవానికి సాయంకాలము ఎంత చేతికి వచ్చినను కొరతయే మిగులును.

పిల్లల ఉదయము ఎవరిది?

నడిగడ్డలో విత్తనపత్తి సాగు విస్తారముగా గలదు. సంకరవిత్తనము కొరకు మునుపటి సాయంకాలము మొగ్గలలోని పుప్పొడి భాగమును చేతితో తీసివేసి, మరునాటి ఉదయము వేరొక మొక్క పువ్వును తెచ్చి దానికి రాయవలెను. రైతులు దీనిని క్రాసింగు అందురు. పువ్వు పక్వమున నుండు వేళ ఉదయమే గనుక పని యంతయు ఆ కొలది గంటలలోనే జరుగవలెను. సన్నని వ్రేళ్లు దీనికి అనువని చెప్పి, బడియీడు పిల్లలను, అందును బాలికలను, తెల్లవారుచుండగనే చేలకు పంపు వాడుక ఈ ప్రాంతమున చాల యేండ్లు సాగినది. అచ్చటచ్చట అది ఇంకను మిగిలియున్నది.

బడిగంట మ్రోగు వేళయు, పువ్వు విచ్చు వేళయు ఒక్కటే. ఆ రెండింటిలో పిల్ల ఎచ్చట నుండవలెనో నిర్ణయించునది తల్లిదండ్రులే. 2011 జనగణన లెక్కలను ఇప్పటి జిల్లాలకు అన్వయించి చూచినపుడు, జోగుళాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత నూటికి 50 మాత్రమే. తెలంగాణ జిల్లాలలో అదియే అత్యల్పము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా జేసినది. 2016లో సవరింపబడిన బాలకార్మిక నిషేధ చట్టము 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనియందును నియమింపరాదన్నది. ఇంటివారికి తోడ్పడుట గూడ బడివేళలు ముగిసిన పిమ్మటనే.

చట్టమటుంచి, కాయకధర్మమును బట్టి చూచినను విషయము స్పష్టము. ఎవరి కాయకము వారిది. చదువు పిల్లవాని కాయకము. కాయకమనగా స్వేచ్ఛతో, పవిత్రబుద్ధితో చేయు పని. అప్పు తీర్చుటకు తండ్రి పంపగా పిల్ల చేయు కూలి కాయకమనిపించుకొనదు. కూలివారు దొరకరను రైతు కష్టము అసత్యము కాదు. ఆ యేడు పంట రాక అప్పు పెరిగిన యింటి బాధయు చిన్నది కాదు. అయినను ఆ భారమును మోయుటకు ఇంటిలోని అతిచిన్న భుజములను ఎంచుకొనుట శరణమార్గము కాజాలదు. లింగదీక్ష పొందిన పిల్ల ఉదయమున కరపీఠమును గాంచి, రొట్టె తిని, పుస్తకము పట్టి బడికి నడచిన ఇంటనే ప్రాతఃకాలాచరణము పూర్ణమైనట్లు.

దాసోహముతో ముగింపు

పూజ, కాయకము తరువాత మూడవది దాసోహము. దీనిని పండుగదినములకే పరిమితము చేయుట పొరపాటు. ఉదయపు వంటలో ఒక రొట్టె అధికముగా కాల్చి ఒంటరి వృద్ధునికి పంపుట, బడికి దూరమునుండి నడచివచ్చు పిల్లవానికి అంబలి యిచ్చుట, పక్షులకు గింజలు చల్లుట, పశువునకు ముందుగా నీరు పెట్టుట దాసోహములే. దినారంభమున ఒకరికి ఇచ్చిన చేయి ఆ దినమంతయు ముడుచుకొనక యుండును. ఇచ్చినవాడననే భావము కలుగకుండుట దీనికి ప్రాణము.

అరువది దినముల అభ్యాసక్రమము

మొదటి పక్షము: ఇంటిల్లిపాదియు ఒక నిర్ణీత వేళకు పరుండుట. సెల్‌ఫోనులను పడకకు దూరముగా నుంచుట. ఇతర నియమమేదియు ఈ పక్షమున పెట్టుకొనరాదు.

రెండవ పక్షము: ప్రతివారును తమ లింగమును తామే అర్చించుట. పది నిమిషములు చాలును. దీక్ష పొందని పిల్లలు ఆ వేళ పెద్దల ప్రక్కన నిశ్శబ్దముగా కూర్చుండుట.

మూడవ పక్షము: ఉదయపు ఇంటిపనులను వ్రాసి, ఎవరికి ఏ పనియో పంచుకొనుట. ఇల్లాలికి పూజావేళ మిగిలినదా లేదా అని వారాంతమున విచారించుట.

నాలుగవ పక్షము: దినమున కొక చిన్న దాసోహము చేర్చుట. తప్పిన దినములను లెక్కింపక, సాగిన దినములను గోడపై గీతలుగా గుర్తించుట.

మఠములును ఇందు తోడ్పడగలవు. శ్రావణమాసమున నడచు ప్రవచనములలో ఒక దినము గృహప్రాతఃకాలమును గూర్చి బోధించుట, లింగదీక్ష నొసగునపుడు పిల్లవాని చదువును గూర్చి తల్లిదండ్రుల నుండి మాట తీసికొనుట, విత్తనపత్తి కాలమున బడిమానిన పిల్లల ఇండ్లకు స్వాములు భిక్షకు వెడలి విచారించుట, మఠముల యందలి కృత్యములు. జంగముడు గడప త్రొక్కి అడిగిన ప్రశ్నకు భక్తుడు జవాబు చెప్పక తప్పించుకొనడు.

మననమునకు ప్రశ్నలు

1. ఇష్టలింగార్చనమును స్వహస్తముతోనే చేయవలెనను నియమము ఇంటిపని పంపకమునకు ఎట్లు సంబంధించును?

2. పంచసూతకముల నిరాకరణము వలన స్త్రీకి కలిగిన స్వాతంత్ర్యము ఇంట ఎంతవరకు అమలగుచున్నది?

3. లక్కమ్మ మారయ్యను మిగులు బియ్యముతో తిరిగి పంపుటలో, ఈ యేటి పంటఖర్చును, అప్పును లెక్కవేయు రైతునకు గల సూచన యేమి?

4. ఇంటిలో అందరికంటె ముందు లేచునది ఎవరు? అందరికంటె ఆలస్యముగా పరుండునది ఎవరు? ఆ రెండును ఒకరేయైనచో, రేపటి ఉదయమున మార్చదగిన పని యేది?

ఈ నాలుగవ ప్రశ్నను ఇంటివారందరు కలిసి కూర్చుండి విచారించుట మేలు. శరణు శరణార్థి.